ముడిచమురులో నీటిపాలు: కొలిచే పరికరాల క్రమాంకనం

పాలలో నీళ్ళు కలిసినప్పుడు లాక్టోమీటరు పట్టి చూపుతుంది. వడ్లలో తేమ మిగిలి ఉంటే కొనుగోలు కేంద్రంలోని తేమ మీటరు అంకెతో సహా చెబుతుంది. భూగర్భం నుంచి పైకి వచ్చే ముడిచమురులో ఎంత నీరు ఉన్నదో చెప్పే పరికరాలు కూడా ఉన్నాయి. ఈ మూడింటి విషయంలోనూ తలెత్తే ప్రశ్న ఒక్కటే. పరికరం చెప్పే మాట నిజమేనని ఎలా నమ్మాలి? ఆ నమ్మకాన్ని కలిగించే ప్రక్రియకే క్రమాంకనం అని పేరు. పనివారి వాడుకలో అది కాలిబ్రేషన్.

పళ్ళిపట్టు, తిరుత్తణి, పొదటూరుపేట ప్రాంతాల నుంచి ఐటీఐ, డిప్లొమా చదువులు ముగించి మణలి, ఎన్నూరు పరిశ్రమల వైపు, గల్ఫ్ దేశాల వైపు ఉద్యోగాలకు వెళ్ళే యువకులకు ఈ విషయం వృత్తికి సంబంధించినది. వడ్లు పండించి అమ్ముకునే కుటుంబాలకు ఇదే సూత్రం మరొక రూపంలో ఎదురవుతుంది. అందుచేత ముడిచమురును ప్రధానంగా తీసుకొని, చివరలో వడ్ల తేమ మీటరును కూడా ఈ వ్యాసం వివరిస్తుంది.

ముడిచమురులోకి నీరు ఎలా వస్తుంది

చమురు భూగర్భంలో చెరువులాగా నిలిచి ఉండదు. సూక్ష్మరంధ్రాలు గల రాతిపొరలలో వాయువు, చమురు, ఉప్పునీరు కలిసి ఉంటాయి. బావి కొత్తగా ఉన్నప్పుడు చమురు ఎక్కువగా, నీరు తక్కువగా వస్తుంది. బావి పాతబడిన కొద్దీ నీటి భాగం పెరుగుతుంది. కొన్ని పాత బావులలో పైకి వచ్చే ద్రవంలో చమురుకన్నా నీరే ఎక్కువగా ఉంటుంది.

ఈ ద్రవాన్ని విభాజక పాత్రలలో నిలిపి, వేడి చేసి, రసాయనాలు కలిపి నీటిని వేరుచేస్తారు. ఎంత వేరుచేసినా కొంత నీరు అతి సన్నని బిందువులుగా చమురులో మిగిలిపోతుంది. దానితోపాటు ఇసుక, మట్టి వంటి మడ్డి కూడా ఉంటుంది. నీటిని, మడ్డిని కలిపి ఒకే శాతంగా లెక్కించడం చమురు వ్యాపారంలో ఆనవాయితీ. అమ్మకపు ఒప్పందాలలో ఈ మొత్తం సాధారణంగా అర శాతం దరిదాపులలో ఉండాలని నియమం పెడతారు.

అర శాతం విలువ

అమ్మేవారు పంపేది చమురు, నీరు కలిసిన ద్రవం. కొనేవారు డబ్బు చెల్లించేది చమురుకు మాత్రమే. కాబట్టి మొత్తం పరిమాణాన్ని ప్రామాణిక ఉష్ణోగ్రతకు సరిచేసి, అందులో నుంచి నీరు, మడ్డి భాగాన్ని తీసివేసి నికర పరిమాణాన్ని నిర్ణయిస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఓడలోకి 1,00,000 బ్యారెళ్ళ ద్రవం ఎక్కించారనుకొందాం. అందులో నిజంగా 0.50 శాతం నీరు ఉంటే తీసివేయవలసినది 500 బ్యారెళ్ళు. పరికరం 0.30 శాతమని చూపితే 300 బ్యారెళ్ళే తీసివేస్తారు. మిగిలిన 200 బ్యారెళ్ళ నీటికి కొనేవారు చమురు ధర చెల్లిస్తారు. ఒక బ్యారెల్ సుమారు 159 లీటర్లు. అంటే తేడా 31,800 లీటర్లు. 12 వేల లీటర్ల ట్యాంకరు లారీలు రెండున్నరకు పైగా నిండే పరిమాణం. బ్యారెల్ ధర 6,000 రూపాయలని అనుకుంటే ఒక్క ఓడకే 12 లక్షల రూపాయలు. పరికరం ఎక్కువ చూపితే ఇంతే నష్టం అమ్మేవారికి.

ఇందులో ప్రజల సొమ్ము కూడా ఉన్నది. భూభాగంపై తీసే చమురుకు రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి, సముద్రగర్భంలో తీసే చమురుకు కేంద్ర ప్రభుత్వానికి చెందుతుంది. రాయల్టీ లెక్కకు ఆధారం కొలిచిన చమురే కనుక, కొలతలో దోషం ఖజానాకు కూడా చేరుతుంది.

తెలుగు తీరంలోనూ, చెన్నై పక్కనా

తెలుగునాట ముడిచమురుకు ముఖ్యస్థానం కృష్ణా గోదావరి బేసిన్. ఓఎన్‌జీసీ సంస్థ 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రం అమలాపురం సమీపాన సముద్రంలో ఉన్నది. అక్కడ ఉత్పత్తి 1993లో మొదలయింది. 1994లో ఉత్పత్తి పంపకపు ఒప్పందం కుదిరింది. సముద్రంలో తీసిన ద్రవం గొట్టాల ద్వారా సూరసాని యానాం ఒడ్డున ఉన్న కేంద్రానికి వస్తుంది. నీరు, వాయువు వేరుచేసిన తరువాత చమురు నిలవ చేసి ఓడలకు ఎక్కిస్తారు. కోనసీమలోని తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న శుద్ధి కర్మాగారం 2001లో ప్రారంభమయింది. దాని సామర్థ్యం సంవత్సరానికి సుమారు 66 వేల టన్నులు. కాకినాడ తీరానికి దూరంగా లోతైన సముద్రంలోని కేజీ డీడబ్ల్యూఎన్ 98/2 క్షేత్రం నుంచి 2024 జనవరి 7న తొలి చమురు వెలువడింది.

సరిహద్దు పల్లెలకు దగ్గరలో ఉన్నది మణలి శుద్ధి కర్మాగారం. 1965లో మద్రాస్ రిఫైనరీస్ పేరుతో ఏర్పడిన సంస్థ 1969లో దీనిని నడపనారంభించింది. 2000లో ఆ సంస్థ పేరు చెన్నై పెట్రోలియం కార్పొరేషన్‌గా మారింది. ఇప్పటి సామర్థ్యం సంవత్సరానికి కోటి టన్నులకు పైమాటే. చెన్నై రేవులో దిగే ముడిచమురు గొట్టం ద్వారా మణలి చేరుతుంది. ముడిచమురు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే ఇటువంటి ప్రతి చోటా పరిమాణంతోపాటు నీటి శాతాన్నీ నిర్ణయించక తప్పదు.

పరికరం పనిచేసే తీరు

గొట్టంలో పారుతున్న చమురులోని నీటిని ఎప్పటికప్పుడు చూపే పరికరాన్ని వాటర్ కట్ మీటరు అంటారు. అమ్మకపు కొలతల చోట ఎక్కువగా వాడుకలో ఉన్నవి కెపాసిటెన్స్ రకం, మైక్రోవేవ్ రకం.

వీటికి మూలం విద్యుత్ ధర్మంలోని ఒక పెద్ద తేడా. డైఎలక్ట్రిక్ స్థిరాంకం గాలికి సుమారు 1, ముడిచమురుకు 2 నుంచి 3 లోపు, నీటికి దాదాపు 80. చమురులో కొద్దిపాటి నీరు చేరినా మిశ్రమం విలువ స్పష్టంగా పెరుగుతుంది. గొట్టంలో అమర్చిన లోహపు కడ్డీకి, గొట్టం గోడకు మధ్య ఈ మార్పును పరికరం పసిగట్టి శాతంగా మారుస్తుంది.

ఆ శాతాన్ని నియంత్రణ గదికి విద్యుత్ సంకేతంగా పంపుతుంది. పరికరం పరిధి 0 నుంచి 5 శాతమయితే, 0 శాతానికి 4 మిల్లీ ఆంపియర్లు, 5 శాతానికి 20 మిల్లీ ఆంపియర్లు వెళతాయి. అర శాతానికి 5.6, ఒక శాతానికి 7.2 మిల్లీ ఆంపియర్లు రావాలి. ఈ లెక్క తెలిసిన పనివాడు దోషం కడ్డీలో ఉన్నదా, సంకేతం పంపే భాగంలో ఉన్నదా అన్నది త్వరగా తేల్చగలడు.

కెపాసిటెన్స్ రకానికి ఒక హద్దు ఉన్నది. చమురులో నీటి బిందువులు తేలుతున్నంతవరకే అది సరిగా పనిచేస్తుంది. నీరు అధికమై, నీటిలో చమురు బిందువులు తేలే స్థితి వస్తే ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. పరికరం చూపే అంకెకు అర్థం ఉండదు. అందుకే బావి దగ్గర వాడే పరికరం వేరు, అమ్మకం దగ్గర వాడే పరికరం వేరు.

ప్రయోగశాల సాక్ష్యం

గొట్టంలోని పరికరాన్ని సరిచూడడానికి దానికన్నా నమ్మదగిన కొలత కావాలి. మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది స్వేదనం. చమురు నమూనాకు జైలీన్ కలిపి మరిగిస్తే నీరు ఆవిరై, చల్లబడి, గీతలు గీసిన గాజు గొట్టంలో అడుగున చేరుతుంది. 1920లో డీన్, స్టార్క్ అనే శాస్త్రజ్ఞులు రూపొందించిన గాజు అమరిక దీనికి ఆధారం. ముడిచమురుకు దీని ప్రమాణం ఏఎస్‌టీఎం డి 4006.

రెండవది కార్ల్ ఫిషర్ పద్ధతి. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫిషర్ 1935లో దీనిని ప్రకటించాడు. అయొడీన్ గల ద్రావణం నీటితో జరిపే చర్యను బట్టి నీటి పరిమాణం తెలుస్తుంది. అతి కొద్ది నీటిని కూడా ఇది పట్టగలదు. అయితే మెర్కాప్టాన్లు, సల్ఫైడ్లు వంటి గంధక సమ్మేళనాలు చమురులో ఉంటే అవి కూడా అయొడీన్‌ను వాడుకొని ఫలితాన్ని ఎక్కువ చేసి చూపుతాయి.

మూడవది సెంట్రిఫ్యూజ్. నమూనాను గిరగిర తిప్పితే బరువైన నీరు, మడ్డి అడుగుకు చేరతాయి. ఇది త్వరగా ముగుస్తుంది. మడ్డిని కూడా చూపుతుంది. కాని చమురులో గట్టిగా పట్టుకొని ఉన్న నీటిని పూర్తిగా విడదీయలేక తక్కువ చూపే అవకాశం ఉన్నది. ఏ పద్ధతితో పోల్చారో నమోదు చేయకుండా రెండు అంకెలను పోల్చడం వ్యర్థం.

నమూనా సరిగా లేనిదే ఫలితం సరికాదు

ప్రయోగశాల ఎంత మంచిదైనా, తెచ్చిన సీసాలో ఉన్నదానినే అది కొలవగలదు. అడ్డంగా వేసిన గొట్టంలో ప్రవాహం నెమ్మదిగా ఉంటే నీరు అడుగున పారుతుంది, చమురు పైన పారుతుంది. పైభాగం నుంచి తీసిన నమూనాలో నీరు తక్కువగా, అడుగు నుంచి తీసిన దానిలో ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ నిజం కావు.

అందుచేత నమూనా తీసేచోటికి ముందు ద్రవాన్ని బాగా కలిపే అమరిక పెడతారు. నమూనా గొట్టం మూతిని ప్రవాహం మధ్యభాగంలో ఉంచుతారు. ప్రవాహం హెచ్చినప్పుడు ఎక్కువగా, తగ్గినప్పుడు తక్కువగా నమూనా తీసే స్వయంచాలక యంత్రాన్ని వాడతారు. వీటి నియమాలు ఐఎస్ఓ 3171 ప్రమాణంలో ఉన్నాయి.

నమూనా యంత్రాన్ని నీరు చొప్పించి పరీక్షించడం ఒక మంచి పద్ధతి. ముందుగా చమురులో సహజంగా ఉన్న నీటిని కొలుస్తారు, అది 0.20 శాతమనుకొందాం. తరువాత పైభాగాన 0.80 శాతానికి సరిపడే నీటిని కొలిచి గొట్టంలోకి పంపుతారు. కింద తీసిన నమూనాలో మొత్తం 1.00 శాతానికి దగ్గరగా రావాలి. అలా రాకపోతే కలిపే అమరికలోనో, నమూనా తీసే చోటులోనో లోపం ఉన్నట్లు.

క్రమాంకనం దశలు

మొదటి దశ అనుమతి, భద్రత. చమురు ఆవిర్లు మండే స్వభావం గలవి. కొన్ని చమురులలో విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. పని అనుమతి పత్రం లేకుండా, విద్యుత్తు నిలపకుండా పరికరం మూత తీయరాదు.

రెండవ దశ ఉన్నదున్నట్టు నమోదు చేయడం. ఏ మరనూ తిప్పక ముందు, కడ్డీని తుడవక ముందు పరికరం ఏమి చూపుతున్నదో రాయాలి. ఈ దశను దాటవేసి నేరుగా సరిచేస్తే, పోయిన నెలలో జరిగిన అమ్మకాలలో ఎంత తేడా వచ్చిందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. ఇరుపక్షాల వివాదాలలో ఎక్కువ బరువు గల కాగితం ఇదే.

మూడవ దశ శుభ్రపరచడం. కడ్డీకి పేరుకొన్న మైనం, మడ్డి తీసివేసి మళ్ళీ చూడాలి. శుభ్రం చేయగానే అంకె మారితే, దోషం పరికరంలో కాక పేరుకొన్న మైనంలో ఉన్నట్లు.

నాలుగవ దశ సున్నా బిందువు. అదే క్షేత్రపు చమురును నీరు తీసివేసి, మిగిలిన కొద్దిపాటి నీటిని కార్ల్ ఫిషర్ పద్ధతితో కొలిచి, ఆ విలువకు పరికరాన్ని సరిచేయాలి. మరొక రకం చమురుతో సున్నా సరిచేస్తే పొరపాటు వస్తుంది. చమురు సాంద్రత మారితే డైఎలక్ట్రిక్ స్థిరాంకం కూడా మారుతుంది.

ఐదవ దశ పై బిందువు. 995 మిల్లీలీటర్ల పొడి చమురుకు 5 మిల్లీలీటర్ల నీరు కలిపితే 0.50 శాతం మిశ్రమం వస్తుంది. ఉప్పు ప్రభావం చూడవలసి ఉంటే ఆ క్షేత్రపు ఉప్పునీటినే వాడడం మేలు. మిశ్రమాన్ని వేగంగా గిలకొట్టి, బిందువులు అడుగుకు చేరక ముందే కొలవాలి. రెండు బిందువులతో ఆగిపోక మధ్యలో మరొకటి రెండు చూడాలి.

ఆరవ దశ నడుస్తున్న గొట్టంలో పోల్చడం. ఒక్క నమూనాతో నిర్ణయం చేయరాదు. ప్రవాహం నిలకడగా ఉన్నప్పుడు అనేక నమూనాలు తీసి, అదే సమయాలలో పరికరం చూపిన అంకెలతో పోల్చి, సగటు తేడా చూడాలి.

చివరి దశ సరిచేసిన తరువాతి విలువలు నమోదు చేసి, ముద్ర వేసి, ఇరుపక్షాలు సంతకాలు చేయడం.

దోషం ఏ జాతిదో గుర్తించడం

ప్రయోగశాల విలువలు 0.20, 0.40, 0.60 అయినప్పుడు పరికరం 0.28, 0.49, 0.67 చూపిందనుకొందాం. తేడాలు 0.08, 0.09, 0.07. అన్నిచోట్లా దాదాపు ఒకే తేడా కాబట్టి ఇది సున్నా దోషం. 0.08 తగ్గిస్తే సరిపోతుంది.

అవే నమూనాలకు పరికరం 0.22, 0.44, 0.66 చూపితే తేడాలు 0.02, 0.04, 0.06. నీరు పెరిగిన కొద్దీ తేడా పెరుగుతున్నది. ఇది వాలు దోషం. పరికరం ప్రతిచోటా పదోవంతు ఎక్కువ చూపుతున్నది. దీనికి సున్నాను కదిపితే ఒకచోట సరిపోయి మరొకచోట చెడుతుంది.

తేడాలు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువగా క్రమం లేకుండా ఉంటే పరికరాన్ని ముట్టుకోరాదు. ముందుగా నమూనా తీసే పద్ధతినీ, ప్రవాహం కలిసే తీరునూ పరిశీలించాలి.

పరికరాన్ని తప్పుదారి పట్టించేవి

చమురులో వాయు బుడగలు ఉంటే వాయువు విలువ చమురుకన్నా తక్కువ కనుక పరికరం నీటిని తక్కువ చేసి చూపుతుంది. బరువైన చమురు వస్తే నీరు పెరిగినట్టు చూపుతుంది. ఉష్ణోగ్రత మారితే చమురు సాంద్రత, దానితోపాటు విద్యుత్ ధర్మం మారుతాయి. ఉష్ణోగ్రతను కొలిచే చిన్న పరికరం తప్పయితే దానిని బట్టి చేసే సవరణ కూడా తప్పే. కాబట్టి క్రమాంకనం నాడు థర్మామీటరును కూడా సరిచూడాలి.

ఎంతకాలానికి ఒకసారి క్రమాంకనం చేయాలన్నది ఒప్పందాన్ని, పరికరం చరిత్రను బట్టి నిర్ణయిస్తారు. వరుసగా కొన్నిసార్లు తేడా రాకపోతే గడువు పెంచవచ్చు. తేడా వస్తుంటే తగ్గించాలి. పరీక్షకు వాడే త్రాసు, గాజు పాత్రలు, థర్మామీటరుకు కూడా గుర్తింపు గల ప్రయోగశాల పత్రం ఉండాలి. మన దేశంలో ప్రయోగశాలలకు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఇస్తుంది. దానికి ఆధారం ఐఎస్ఓ 17025 ప్రమాణం. చమురు ప్రవాహపు మీటర్లను పరీక్షించే ప్రయోగశాల కేరళలోని పాలక్కాడ్‌లో, ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నది.

వడ్ల తేమ మీటరుకూ ఇదే నీతి

పళ్ళిపట్టు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణితో పాటు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అప్పటి నుంచి చుట్టరికాలు, పొలాలు సరిహద్దుకు రెండు వైపులా ఉన్న కుటుంబాలు అనేకం. ప్రభుత్వ కొనుగోలులో వడ్ల తేమకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన హద్దు రెండు రాష్ట్రాలలోనూ 17 శాతమే. అధిక వర్షాల వేళ రాష్ట్రాలు కోరినప్పుడు దీనిని సడలించిన సందర్భాలు ఉన్నాయి.

కేంద్రాలలో వాడే చిన్న తేమ మీటర్లలో అధికభాగం పనిచేసేది పైన చెప్పిన కెపాసిటెన్స్ సూత్రంతోనే. పొడి గింజ విలువ తక్కువ, నీటి విలువ 80. గింజలో తేమ పెరిగితే అంకె పెరుగుతుంది. కనుక చమురు మీటరుకు వచ్చే దోషాలు దీనికీ వస్తాయి. నిజానికి 17 శాతం ఉన్న వడ్లను మీటరు 18.5 అని చూపితే రైతు మళ్ళీ కళ్ళంలో ఆరబోయాలి. ఆ ఒక్క రోజు కూలి, బండి బాడుగ, వాన భయం అన్నీ ఆ ఒకటిన్నర శాతంలో ఇమిడి ఉన్నాయి.

దీనికి సాక్ష్యం చెప్పే పద్ధతి ఓవెన్ పరీక్ష. పొడిచేసిన గింజను 5 గ్రాములు తూచి, 130 డిగ్రీల వేడిలో 2 గంటలు ఉంచి, చల్లార్చి మళ్ళీ తూస్తారు. 4.15 గ్రాములు మిగిలితే పోయినది 0.85 గ్రాము, అంటే తేమ సరిగ్గా 17 శాతం. ధాన్యపు తేమ మీటర్లకు అంతర్జాతీయ చట్టబద్ధ కొలతల సంస్థ ఆర్ 59 అనే సిఫారసును రూపొందించింది.

వడ్లు అమ్మే కుటుంబాలు గమనించదగిన విషయాలు ఇవి. మీటరులో ఎంచుకొన్నది వడ్ల గుర్తేనా, బియ్యపు గుర్తా అని చూడాలి. ఎండలో నుంచి అప్పుడే ఎత్తిన వేడి గింజ సరైన అంకె ఇవ్వదు. కాసేపు నీడలో ఉంచాలి. ఒక్క బస్తా పైభాగం నుంచి కాక అనేక బస్తాల నుంచి, లోపలి నుంచి కూడా గింజలు తీసి కలపాలి. ఒకే నమూనాను మూడుసార్లు కొలిచి సగటు తీయమని అడగాలి; మూడు అంకెలలో పెద్ద తేడా ఉంటే గింజ నింపిన తీరునో, మీటరు బ్యాటరీనో అనుమానించాలి. మీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారో తెలిపే పత్రాన్ని చూపమని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. ఇంటి దగ్గర మరొక మీటరుతో ముందుగా చూసుకొన్నవారు ఆ అంకెను, తేదీని, బస్తాల లెక్కను ఒక కాగితంపై రాసి వెంట తీసుకువెళ్ళడం మంచిది. చమురు వ్యాపారంలో సరిచేయక ముందు రాసుకొన్న అంకెకు ఎంత విలువ ఉన్నదో, రైతు చేతిలోని ఆ కాగితానికీ అంతే విలువ ఉన్నది.